మా తాత కొక్కెం తుపాకీ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో తుపాకీ అంటే నాటు తుపాకీయే. మందు కూరి ఒకసారి పేల్చి, మళ్ళీ మందు కూరేలోపు పంది పొరుగూరు చేరేది. చంద్రగిరి దాటి పోతే వచ్చే కొండల కింద మాది. వానకు వేసిన శెనక్కాయ చేలు కాయ పట్టేసరికి అడవిపందులు గుంపుగా దిగి, మేం ఏడాదంతా తినాల్సింది ఒక్కపూటలో పెళ్ళగించి పోయేవి.

ఒక ఏడు ఎవరిదో నాటు తుపాకీ దెబ్బ తిని, చావకుండా తప్పించుకున్న పంది మా పాడి ఆవు పొట్ట చీల్చేసింది. కొడితే ఒక్క దెబ్బకు పడిపోవాలి, లేకపోతే కొట్టనే కూడదు అని మా తాత ఆ రోజే తీర్మానించుకున్నాడు. లైసెన్సు కోసం చిత్తూరుకు కాళ్ళరిగేలా తిరిగాడు. అది చేతికొచ్చిన మర్నాడే మదరాసు పోయి, అక్కడి తుపాకుల అంగడిలో ఒక పాత రైఫిలు కొన్నాడు. దాన్ని పంచెలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాడు. మా అవ్వ గడపలోనే నిలబడి, "కొత్తకోడల్ని తెచ్చినట్టు తెస్తా ఉండావే, దిష్టి తియ్యాల్నా ఏంది?" అంది.

అట్లాంటి తుపాకీ మా వైపు ఎవరూ చూడలేదు. ఒక్కో తూటా నా బొటనవేలికి రెండింతలుండేది. మీట చుట్టూ ఒక ఇనుప కొక్కెం ఉండేది. అందులో వేళ్ళు దూర్చి కిందికి తోసి పైకి లాగితే, పేలిన తూటా గుల్ల బయటికి ఎగిరిపడి కొత్తది లోపలికి ఎక్కేది. అడవిదున్నల్ని, ఎలుగుల్ని కొట్టే తుపాకీ అని అంగడాయన చెప్పాడట. తొలిసారి గుట్టకేసి పేల్చినప్పుడు అది తన్నిన తన్నుకు తాత వెనక్కి కూలబడ్డాడు. అవ్వ రెండు రోజులు ఆయన భుజానికి ఉప్పు కాపడం పెడుతూ, "పందులు సూసి నవ్వుకోనుంటాయి" అని ఆటపట్టించింది.

తాతకు ఒక అలవాటుండేది. చేలోకి బయల్దేరే ముందు, తూటాలు పెట్టకుండా ఆ కొక్కేన్ని రెండుసార్లు ఆడించి, తలవంచి చప్పుడు వినేవాడు. ఆ తర్వాతే పెట్టె తాళం తీసి తూటాలు ఎక్కించేవాడు. ఆ జాగ్రత్త మీద నమ్మకంతోనే పక్కింటి మామ ధైర్యంగా ఈటె పట్టుకుని తాత పక్కన నిలబడేవాడు. ఇద్దరూ కలిసి నాలుగు పందుల్ని కొట్టారు. ఒక్కదానికీ రెండో తూటా అవసరం రాలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయుధపూజ వచ్చింది. కొడవళ్ళకూ నాగలికీ సైకిలుకూ బొట్లు పెట్టే పని ప్రతి ఏడూ నాదే. ఇనుముకు బాగా అంటుకోవాలని అవ్వ పసుపూ గంధంలో బియ్యప్పిండి కూడా కలిపి ముద్ద చేసి ఇచ్చేది. తుపాకీ దగ్గరికొచ్చేసరికి తాత, "కట్టెకు మాత్రం పెట్టు పాపా, ఇనుముకొద్దు" అన్నాడు. నాకా మాట నచ్చలేదు. సైకిలు గొలుసుకు కూడా బొట్టు పెట్టి, ఇంటికి ఇంత కాపలా కాసే తుపాకీకి తక్కువ చేస్తే ఎట్లా? తాత అటు తిరగ్గానే కొక్కేన్ని కాస్త కిందికి లాగి, లోపల నాలుకలాగా కనపడిన ఇనుముకు చేతినిండా ముద్ద దట్టించి మూసేశాను. ఎంత భక్తిగా చేశానో అని నాకు నేనే మురిసిపోయాను కూడా.

మర్నాడు తెల్లవారుతుండగా చేలో పందులు పడ్డాయని మామ కేకేశాడు. తాత తుపాకీ అందుకుని పరుగు పెట్టాడు. ఆ ఒక్క రోజు ఆడించి చూడలేదు, దారిలోనే తూటాలు ఎక్కించాడు. చేను గట్టున ఇద్దరూ నిలబడగానే పెద్ద పంది ఒకటి సూటిగా మీదికొచ్చిందట. తూటా లోపలికి ఎక్కడానికి తాత కొక్కెం తోస్తే కదల్లేదు. పిండి రాయిలా గట్టిపడిపోయింది. రెండోసారి తోసేలోపు పంది మామ తొడను చీల్చి వంకలోకి దూకిపోయింది. మామను మంచం మీద మోసుకొచ్చి, ఎద్దుల బండెక్కించి, తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

తాత ఆ సాయంత్రం వాకిట్లో కూర్చుని, కొబ్బరి ఈనెతో తుపాకీ లోపల గీకాడు. పచ్చటి పెళ్ళలు ఊడి పంచె మీద పడ్డాయి. నేను స్తంభం చాటున నిలబడి చూస్తున్నాను. ఆయన తలెత్తి నన్ను ఒక్కసారి చూసి, మళ్ళీ గీకడంలో పడ్డాడు.

ఊళ్ళో తలా ఒక మాట అన్నారు. మదరాసు అంగడోడు ముసలాయన్ని మోసం చేశాడన్నారు కొందరు. పందిని చూసి తాతే బిగుసుకుపోయాడన్నారు ఇంకొందరు. తాత మాత్రం, "తప్పు నాదే. ఆడించి సూడకుండా పోయినాను" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు, భయం.

ఇరవై రోజులకు మామ ఇంటికొచ్చాడు. చూడడానికి పోతూ తాత నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. మామ భార్య, మేం అత్త అని పిలిచే ఆమె, కళ్ళు తుడుచుకుంటూ తాతతో, "నీ తుపాకీని నమ్మే గదా మామా ఆయన ఆడ నిలబడింది" అంది. తాత తల దించుకున్నాడు. అంత పెద్దమనిషి అట్లా తల దించుకుంటే నేను చూడలేకపోయాను. ఏడుపుతోపాటు, పూజ రోజు నేను చేసిందంతా బయటికొచ్చేసింది.

మామే ముందు నవ్వాడు. "అయితే నన్ను పొడిచింది పంది గాదు, నువ్వన్నమాట!" అన్నాడు. అత్త నన్ను దగ్గరికి తీసుకుని తాతతో, "సూస్తివా మామా, బిడ్డ తెలీక చేసిన పని. దీనికి నువ్వెందుకు తల దించుకుంటావు?" అంది.

తాత నా వైపు చూసి, "పాప చేసింది పాప చెప్పింది. నేను ఆడించి సూడకుండా పోయింది అట్నే ఉండాది" అన్నాడు.

మర్నాటి నుంచి మా శెనక్కాయలు అట్లాగే వదిలేసి, ముందు మామ చేలో కాయ పెరికాడు. నన్నూ బడి మాన్పించి, పక్కన కూర్చోబెట్టుకుని కాయలు తెంపించాడు. నాకు అరచేతులు బొబ్బలెక్కితే రాత్రి ఆయనే కొబ్బరినూనె రాశాడు. నన్ను తిట్టలేదు. అట్లాగని, నీ తప్పేం లేదులే అని కూడా అనలేదు. ఆయన మీద నాకున్న ప్రేమ అప్పటినుంచే గౌరవంగా కూడా మారిందనుకుంటాను.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. ఒకసారి నా వార్డులో కొత్తగా చేరిన అమ్మాయి ఖాళీ ఆక్సిజన్ సిలిండరు తెచ్చి రోగి పక్కన పెట్టింది. పరుగున ఇంకొకటి తెచ్చి రోగి ప్రాణం నిలబెట్టాం. పెద్ద డాక్టరుగారు ఎవరు చేశారని గద్దించి అడిగితే, ఆ పిల్ల తనే అని ఒప్పుకుంది. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. నేను నోరు మూసుకుని ఉంటే అక్కడితో అయిపోయేది. "డ్యూటీ ఎక్కగానే సిలిండర్లు చూసుకోవాల్సింది నేను సార్, చూడలేదు" అన్నాను. ఆ మాట అనడం నాకు ఈనాటికీ సులువు కాలేదు. మనవలతో 'తప్పు నాదే' అనాల్సి వచ్చినా, ముందు ఇంకేదో సాకు వెతుక్కుంటాను. అయినా అంటాను.