ఎండుమొక్కల గణపతిరావు

"గణపతిరావూ, ఆ బీరువాల్లో గడ్డి ఎప్పుడు ఖాళీ చేస్తావయ్యా?" అని ప్రిన్సిపాల్ మురళీమోహన్ గారు అడిగేనాటికి గణపతిరావుకి ఆ కాలేజీలో ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. శృంగవరపుకోట ఊరి చివర, కొండల వైపున్న డిగ్రీ కాలేజీ అది. అందులో వృక్షశాస్త్రం ల్యాబుకి అతను అటెండరు.

"గడ్డి కాదండీ, హెర్బేరియం."

"పేరేదైనా సరే. వచ్చే నెల తనిఖీ బృందం వస్తోంది. ఆ గదిలో పెద్ద తెర పెట్టి స్మార్ట్ క్లాసు చేద్దాం. అన్నిటికీ ఝాన్సీ మేడమ్ ఫోనుతో ఫొటోలు తీస్తుంది. ఫొటో ఉన్నాక ఇంక ఎండాకులతో పనేముంది?"

గణపతిరావు నోటిదాకా వచ్చిన మాట ప్రిన్సిపాల్‌తో అనదగ్గది కాదు.

ఆ ల్యాబులో గాజు సీసాలు కడగడానికి అతను చేరినప్పుడు ఇరవై నాలుగేళ్ళవాడు. నరసింగరావు మాస్టారని అప్పట్లో ఒక లెక్చరరు ఉండేవారు. ఆదివారం ఆదివారం ఈ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని కొండెక్కేవారు. ఏ మొక్కనైనా పువ్వుతో, కాయతో, వీలైతే వేరుతో సహా తీసి, పాత పేపర్ల మధ్య పరిచి, చెక్క చట్రంలో బిగించేవారు. పేపర్లు రోజూ మార్చాలి. ఒక్క పూట మరిచిపోతే బూజు. ఆ మార్చడం గణపతిరావు వంతు. ఎండిన మొక్కను అట్ట మీద పెట్టి దారంతో కుట్టడమూ అతని వంతే. అడుగున చీటీ మీద ఏ కొండ, ఏ వాలు, ఏ నెల అన్నది మాస్టారు చేత్తో రాసేవారు. అలా పదకొండొందల నలభై షీట్లు పోగయ్యాయి. కాలేజీ వెనక కొండ ఒక్కదాని మీదే మూడొందల పదహారు రకాలు.

మాస్టారు రిటైరయ్యారు, కొన్నాళ్ళకి కాలం చేశారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా ఏడాదికొకరు చొప్పున గెస్టు లెక్చరర్లు. ఒకాయన షీటు మీద టిఫిను పెట్టుకుని తిన్నాడు. ఇంకొకాయన నాఫ్తలీను వాసన పడదని బీరువాలు తెరవనే లేదు. పిల్లలు గణపతిరావుకి 'ఎండుమొక్కల మాస్టారు' అని పేరు పెట్టారు. ఎండుమొక్కలన్నందుకు అతనికి కోపం లేదు. మాస్టారన్నది వెటకారమని తెలుసు కనుక దానికే కోపం.

ఇప్పటి గెస్టు లెక్చరరు ఝాన్సీ రోజూ చీపురుపల్లి నుంచి వచ్చిపోతుంది. చెప్పిన క్లాసులకే జీతం, సెలవుల్లో అదీ లేదు. సగంలో ఆగిన పీహెచ్‌డీ ఒకటి ఉంది. మర్నాడు ఆమె టేబులు మీద షీటు పెట్టి ఫోను ఎత్తింది. ట్యూబులైటు వెలుగు పడి మొక్క సగం తెల్లగా వచ్చింది.

"చీటీ మీద రాసింది కనబడతందా మేడమ్?" అన్నాడు గణపతిరావు.

"అవసరం లేదండీ. ఈ యాప్ ఆకును చూసి పేరు చెప్పేస్తుంది. ఇదిగో చూడండి... దక్షిణ అమెరికా మొక్కట."

"దీన్ని నా సేత్తో, మన కొండమీద గెడ్డ పక్కన కోసినాను. గెడ్డలో నీల్లు మోకాలిదాకా ఉన్నాయి. దచ్చిన అమెరికా నానెప్పుడెల్లినాను?"

ఝాన్సీ నవ్వాపుకుంది. అతను నవ్వలేదు. అలా కసురుకుంటూనే నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు నాలుగొందల పన్నెండో నంబరు షీటు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. సన్నటి తీగ, అడుగున చిన్న దుంప, దీపం చిమ్నీలా పొడుగ్గా, నడుము సన్నంగా ఉన్న రెండు పువ్వులు. చీటీ మీద ఇలా ఉంది: 'ఉత్తరపు వాలు. గెడ్డ పైన నల్లరాతి పగుళ్ళు. భాద్రపదం. ఆరు మొక్కలు. ఇక్కడ తప్ప ఎక్కడా చూడలేదు.'

"ఇది ఈ కొండల్లో కనబడక చాలా కాలమైందని మా పీహెచ్‌డీ గైడు చెబుతుంటారు," అంది. "ఇంకా ఉందా అక్కడ?"

"ఎందుకుండదు? మోకాల్లు బాగున్నప్పుడు ఏటేటా సూసీవోణ్ణి."

ఆ మధ్యాహ్నమే తిరుమలరావు అనే అతను ప్రిన్సిపాల్ గదికి వచ్చాడు. ఎక్కడో నగరంలోని కంపెనీ ఒకటి వెనక కొండను పచ్చగా చేస్తానని ముందుకొచ్చింది, ఆ పనికి ఇతను సూపర్‌వైజరు. మొక్కలు నాటే రోజు ఫొటోకి వందమంది విద్యార్థులు కావాలని అడగడానికి వచ్చాడు. గణపతిరావు టీ పట్టుకుని లోపలికి వెళ్ళేసరికి అతను చెబుతున్నాడు: "కొండంతా తుప్పలేనండి. అవన్నీ కొట్టించేసి పదివేల జామాయిల్ మొక్కలు పెడుతున్నాం."

గణపతిరావు ట్రే కిందపెట్టాడు. "ఆ తుప్పల్లో మూడొందల పదహారు రకాలున్నాయి బాబూ."

"పదివేలు ఎక్కువా, మూడొందలు ఎక్కువా పెద్దాయనా?"

"రకాలు! రకాలండీ నానన్నది!"

"గణపతిరావూ," అన్నారు ప్రిన్సిపాల్ మెల్లగా.

తిరుమలరావు చెడ్డవాడేమీ కాదు. ఓపిగ్గానే చెప్పాడు. "అరుదైన మొక్క ఏదైనా ఉందంటే ఫొటో తీసుకురండి. మా వాళ్ళకి పంపిస్తా. ఆపమంటే ఆ ముక్క ఆపేస్తాం. సోమవారం నుంచి గుంతలు తవ్వుతారు మరి."

శనివారం పొద్దున్నే ఇద్దరూ కొండెక్కారు. మే నెల ఎండ. గెడ్డలో చుక్క నీరు లేదు. నల్లరాయి ఉన్నచోటే ఉంది. దాని పగుళ్ళలో ఎండిన గడ్డి, ఎర్రమట్టి తప్ప ఏమీ లేవు.

"మొక్క ఏదండీ?" అంది ఝాన్సీ.

"నేలలో ఉంది."

"నేలలో ఉంటే ఫొటో ఎలా తీస్తాం?"

"వాన పడితే లేస్తాది మేడమ్. పువ్వు దాని కాలం సూసుకుని పూస్తాది గానీ, సోమారం సూసుకుని పూస్తాదేటి?"

"పోనీ ఒక్క దుంప తవ్వి చూపిద్దాం."

"తవ్వితే అది సచ్చిపోదా? బతికించడానికి సంపుతామా?"

"మరి నేనేం చెయ్యను చెప్పండి! రెండు బస్సులు మారి వచ్చాను. ఇవాళ నాకు క్లాసు లేదు, అంటే జీతమూ లేదు."

ఒకరి మీద ఒకరు కోపంతో, పది గజాల ఎడంగా కిందికి దిగారు. అయినా ఆమె నాలుగొందల పన్నెండో షీటును కిటికీ పక్క మంచి వెలుతురులో ఫొటో తీసి, చీటీతో సహా తన గైడుకి పంపే ఇంటికి వెళ్ళింది.

సోమవారం గణపతిరావు సెలవు చీటీ రాసిచ్చి, అదే షీటును తువ్వాల్లో చుట్టుకుని ఒక్కడే కొండెక్కాడు. దక్షిణపు వాలు మీద అప్పటికే తుప్పలు కొట్టేస్తున్నారు. ఉత్తరం వైపు ఇరవైమంది ఆడవాళ్ళు గునపాలతో దిగారు. వాళ్ళ మేస్త్రీ తవిటమ్మ అతనికి దూరపు చుట్టం, వరసకి మరదలు.

"ఏటి బావా, నువ్వూ పనికొచ్చినావేటి?"

అతను షీటు విప్పి చూపించాడు. సంగతంతా చెప్పాడు. సగంలోనే ఆమె చెయ్యి అడ్డుపెట్టింది.

"నీ ఎండాకు కోసం మా ఇరవైమందిమీ పని ఒగ్గీమంటావా? పొలాల్లో పన్లెక్కడున్నాయి ఈ ఎండల్లో? ఇది పోతే నువ్వు పెడతావా కూడు?"

ప్రిన్సిపాల్‌కి ఏం చెప్పాలో, సూపర్‌వైజరుకి ఏం చెప్పాలో రాత్రంతా కూడగట్టుకున్నాడు గానీ, ఈ ఇరవైమందికి ఏం చెప్పాలో అతను ఆలోచించుకోలేదు. రాయి మీద కూలబడ్డాడు.

తవిటమ్మ షీటు మీదికి వంగింది. "ఉండుండు. ఈ తీగా? సిన్నప్పుడు ఇక్కడ పసుల్ని కాసీవోళ్ళం. వానల్లో దీని దుంప తవ్వుకుని తినీవోళ్ళం. తియ్యగా ఉంటాది."

"తినీసినారా!" గణపతిరావు లేచి నిలబడ్డాడు. "అందుకేనే ఆరు మిగిలినాయి! ఎన్ని తినీసినారు?"

"ఆకలేసినన్ని తిన్నాం. లెక్కెట్టుకుని తింటారేటి ఎవులైనా? నువ్వు కూకో ముందు, కల్లు తిరిగి పడిపోగలవు."

ఆమె కింది వాలు వైపు కాసేపు చూసింది. అక్కడ ఎప్పుడో మట్టి తవ్వుకుపోయిన ఖాళీ జాగా చాలా ఉంది. గునపం తీసుకుని నల్లరాయి మీద రెండు పోట్లు పొడిచింది. ఠంగుమంది. మరో పోటు పొడుస్తూనే తిరుమలరావుకి ఫోను చేసింది.

"బాబూ, ఇనబడతందా? ఉత్తరం పక్కంతా రాయే. గునపాలు ఒంగిపోతన్నాయి. కింద జాగా ఉన్నాది, అక్కడ తవ్వీమంటారా?"

తిరుమలరావు మోటారు సైకిలు మీద వచ్చాడు. ఆ ఎండలో కొండెక్కడం ఎందుకనుకున్నాడో ఏమో, కిందనుంచే కళ్ళమీద చెయ్యి అడ్డుపెట్టుకుని చూశాడు, కాగితం మీద ఏదో రాసుకున్నాడు, సరేనన్నాడు. అలా ఉత్తరపు వాలు నాలుగెకరాలు మిగిలింది. దక్షిణపు వాలు మిగలలేదు. అక్కడి మొక్కల్లో కొన్ని ఈ కొండకి సంబంధించినంతవరకు ఇప్పుడు బీరువాలోనే ఉన్నాయి.

బీరువాల సంగతి ఇంకో తలనొప్పి అయింది. ఫొటో చూసిన ఝాన్సీ గైడు స్వయంగా ప్రిన్సిపాల్‌కి ఫోను చేసి, ఒక్క కాగితం కూడా పారెయ్యొద్దన్నారు. అప్పటికే ఒక బీరువాలోని షీట్లు మెట్ల కింద ఉన్నాయి. మొదటి వానకి నీళ్ళు కారి అరవై షీట్లు బూజుపట్టాయి. తనిఖీ బృందం వచ్చిన రోజు మురళీమోహన్ గారు మిగతా రెండు బీరువాలూ తెరిపించి, "ఇది మా కాలేజీ గర్వకారణం" అన్నారు. పక్కనే నిలబడ్డ గణపతిరావు పళ్ళు నూరాడు. ఝాన్సీ అతని చేతికి మంచినీళ్ళ గ్లాసు అందించింది.

భాద్రపదంలో ఇద్దరూ మళ్ళీ వెళ్ళారు. నల్లరాతి పగుళ్ళలో నాలుగు తీగలు లేచి ఉన్నాయి. మూడింటికి పువ్వులు. ఝాన్సీ బోర్లా పడుకుని అరగంట ఫొటోలు తీసింది. "కోద్దామా?" అని అడగలేదు. గణపతిరావు పక్కనే చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజుల్లో అతను ఎవర్నీ కసరని అరగంట అదొక్కటే.

దిగివస్తుంటే కొండ మొదట్లో కంపెనీ వాళ్ళ కొత్త బోర్డు కనబడింది. కొండ పటం, దాని కింద పెద్ద అక్షరాలు: 'ఉత్తరపు వాలు: రాతి నేల. ఇక్కడ ఏ మొక్కలూ పెరగవు.'

గణపతిరావు రెండుసార్లు చదివాడు. "ఏ మొక్కలూనట! మూడొందల పదహారు పెరిగిన కొండ మీద!"

"పోనివ్వండి గణపతిరావు గారూ. ఆ మాట వల్లే అది మిగిలింది. ఈ మొక్క మీద నా పరిశోధన పేపరు అచ్చయ్యేదాకా ఓపిక పట్టండి."

అతనికి ఓపిక లేదు. ఇంటికెళ్ళి తెల్లకాగితం మీద అర్జీ రాశాడు. బోర్డు మీద రాసింది తప్పనీ, దిద్దించాలనీ. సంతలో కనబడిన తవిటమ్మకి ఆ ముక్క చెబితే ఆమె సంచీ కిందపెట్టేసింది.

"బావా, నీకు దండం పెడతాను, నోరు మూసుకో. రాయి కాదని తెలిస్తే రేపే నా సేతికి గునపం ఇస్తారు. మల్లీ ఎల్లి తవ్వాల్సింది నానే."

అయినా మర్నాడు అతను మెయిన్ రోడ్డు మీద కంపెనీ అద్దెకి తీసుకున్న ఆఫీసుకి వెళ్ళాడు. అర్జీ జేబులో ఉంది. గోడమీద కొండ పటం తగిలించి ఉంది. నాటిన చోటల్లా ఆకుపచ్చ రంగు వేశారు. ఉత్తరపు వాలు తెల్లగా, ఖాళీగా ఉంది. దాన్ని చూస్తున్నకొద్దీ అతనికి ఒళ్ళు మండిపోయింది.

"చెప్పండి పెద్దాయనా, ఏం పని మీద వచ్చారు?" అన్నాడు తిరుమలరావు.

గణపతిరావు చెయ్యి జేబుదాకా వెళ్ళింది. తవిటమ్మ మాట గుర్తొచ్చి అక్కడే ఆగింది.

"ఏటీ లేదు బాబూ. ఇలాగెల్తూ... ఊరికే."

"మంచి టైముకొచ్చారు. మీకు మొక్కలంటే ప్రాణం కదా!" అంటూ తిరుమలరావు లోపలికి వెళ్ళి, నల్ల ప్లాస్టిక్ సంచుల్లో ఉన్న రెండు జామాయిల్ మొక్కలు తెచ్చి అతని చేతుల్లో పెట్టాడు. "ఉచితం. ఇంటి దగ్గర వేసుకోండి."

వద్దనడానికి నోరు తెరిచాడు. తెరిస్తే మిగతాదంతా బయటికి వచ్చేస్తుందని భయమేసి మూసుకున్నాడు. రెండు చేతుల్లో రెండు మొక్కలతో షేర్ ఆటో ఎక్కాడు.

పక్కన కూర్చున్న ముసలమ్మ ఆకు నలిపి వాసన చూసింది. "ఏటి మొక్కలు బాబూ ఇవి?"

"జామాయిలు. నీకు గావాలా?"

"మాకు జాగా ఎక్కడుంది నాయినా!"

గణపతిరావు తన వీధి మొగలో దిగి, రెండు మొక్కల్నీ చెరొక చంకలో పెట్టుకుని, ఆటోవాడితో చిల్లర దగ్గర గొడవపడి ఇంటిదారి పట్టాడు.