ఏలూరు పార్కులో జప్తయిన కండువా

ఏలూరు పార్కులో పులిజూదం ఆడే అమీను తాతగారు దొంగాటతో నా జరీ కండువా కొట్టేశారని మా తాడేపల్లిగూడెం స్టేషను పక్క కాఫీ హోటల్లో పదిమందికీ చెప్పింది నేనే. బావమరిది పెట్టిన కండువా ఆటలో పోయిందని ఇంట్లో చెప్పుకోలేక కట్టిన కథ అది. తాతగారు కోర్టు అమీనుగా రిటైరయ్యారు. ఓడినవాడి కండువా జప్తు చేసి పార్కు కమ్మీకి కట్టడం ఆయన పెట్టిన ఆచారం. మళ్ళీ గెలిస్తే విప్పుకోవచ్చు.

మొన్న ఆదివారం ఆయన కంటబడకుండా పార్కు తిరిగొద్దామని గూడెంలో ఉదయం పాసింజరెక్కాను. భీమడోలులో ఒక కొల్లేటి ఆవిడ చేపల తట్టతో ఎక్కింది.

"కాళ్ళు తియ్యండి బాబుగారూ. కొర్రమీను కరవదు గానీ జారిపోద్ది. ఏలూరులో ఏం పనండీ?"

పార్కు చూడ్డానికన్నాను.

"తాతగారి ఆటకా? ఇప్పుడాయనతో ఎవరూ కూచోట్లేదండీ. గూడెం వాడెవడో దొంగాటని ఊరంతా చాటాడంట. ఆడి నోరు పడిపోను! మీదే ఊరండీ?"

"ఉంగుటూరు," అన్నాను. అది రెండో అబద్ధం.

ఏలూరులో దిగి, ఇడ్లీ తిని, కాలవ గట్టున నడిచి పార్కు చేరాను. దొరల కాలంలో వేసిన తోట. అప్పట్లో బ్యాండు వాయించిన రేకుల మండపంలో వానాకాలం క్యారమ్స్ ఆడతారు. చలికాలం పక్కనే బాల్ బ్యాడ్మింటన్. ఏ కాలమైనా సాయంత్రాలు ఫౌంటెన్ చుట్టూ చేరి రేడియో వింటారు. ఫౌంటెన్‌లో నీళ్ళుంటాయని మాత్రం ఆశపడకండి.

మధ్యాహ్నం దాకా చెట్లచాటున తిరిగాను. నాలుగింటికి మండపం వైపు చూశాను. సిమెంటు బల్ల మీద తాతగారు ఒక్కరే కుడిచేత్తో పులుల్నీ, ఎడంచేత్తో మేకల్నీ జరుపుతున్నారు. వక్కలు పులులు, చింతపిక్కలు మేకలు. ఇక దాక్కోలేకపోయాను.

"ఏవండీ తాతగారూ, గుర్తుపట్టారా?"

"మనిషి గుర్తులేడు. కండువా గుర్తుంది," అని కమ్మీ చూపించారు. వానకు తడిసి జరీ నల్లబడింది.

"మీది దొంగాట కాదండీ. నేనే బ్యాడ్మింటన్ చూస్తూ పులుల్ని మూలకు తోలుకున్నాను."

"ఆ సంగతి నాకు తెలీదా ఏవిటండీ? అబద్ధం గూడెంలో ఆడారు, నిజం కూడా అక్కడే చెప్పండి. ముందు కూర్చోండి. పులులా, మేకలా?"

పులులే అన్నాను. నన్ను చూసి బ్యాడ్మింటన్ వాళ్ళొచ్చి చుట్టూ చేరారు. రేడియోలో వార్తలు మొదలయ్యేసరికి నా పులులు కదలడానికి చోటు లేకుండా ఆయన మేకలు కట్టేశాయి.

"పులులు కూర్చుని వార్తలు వింటున్నాయండోయ్!" అన్నాడొకడు. తాతగారు కూడా నవ్వారు. నేను లేచి, భుజం మీది నేత కండువా తీసి పాతదాని పక్కన నేనే కట్టాను. అప్పటికే ఇంకొకాయన నా చోట్లో కూర్చుని మేకలు కోరుకున్నాడు.

తిరుగు పాసింజరులో ఖాళీ తట్టతో మళ్ళీ ఆవిడే.

"ఉంగుటూరు బాబుగారూ, కండువా ఏదండీ?"

"ఉంగుటూరు కాదమ్మా, గూడెం. ఉదయం నువ్వు తిట్టింది నన్నే."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నోరు పడిపోలేదు కదండీ. ఆ చెప్పేదేదో మీ గూడెంలో చెప్పండి," అని నాకు చోటిస్తూ తట్ట అవతలికి లాక్కుంది.

గూడెంలో దిగి, ఇంటికి వెళ్ళకుండా తిన్నగా కాఫీ హోటల్లోకి నడిచాను.

"మళ్ళీ దొంగాటేనా అండీ?" అన్నారు అక్కడివాళ్ళు నా ఖాళీ భుజం చూసి.

"కాదండీ. శుభ్రంగా ఓడిపోయాను. మొదటిసారి కూడా అంతే."

ఆ నవ్వులు స్టేషను దాకా వినిపించే ఉంటాయి. వచ్చే ఆదివారం నలుగురు ఏలూరు వెళ్తున్నారట. నలుగురూ ఇళ్ళల్లో చిరుగుల కండువాలు వెతుక్కుంటున్నారని విన్నాను.