చిన్న చెరువులో చేపపిల్లలు

తాడేపల్లిగూడెంలో ఏలూరు బస్సెక్కి, పక్క సీట్లో ఉన్న పెద్దాయనకి నా జీవిత ప్రణాళిక వివరించాను. ఆయన అడగలేదు. మా ఇంట్లో వినేవాళ్లు అప్పటికే అయిపోయారు.

నలభై అయిదుకల్లా ఉద్యోగం మానేసి హాయిగా ఉండాలన్నది నా పట్టుదల. నా ఒక్కడి జీతంలోనే ఇల్లు గడిపి, మిగిలినదంతా దాచాలి. కాబట్టి అయిదేళ్లపాటు సినిమాల్లేవు, ఊళ్లు తిరగడాల్లేవు. ఆ పొద్దున్నే మా అమ్మాయిని డ్రాయింగ్ క్లాసు మాన్పించమని మా ఆవిడకి చెప్పి బయల్దేరాను. ఆ సంగతీ ఆయనకి చెప్పాను.

ఆయనకి మండవల్లి దగ్గర చేపల చెరువులున్నాయట.

"మేమూ అంతేనండి. చేపపిల్లల్ని ఏడాదిపాటు చిన్న చెరువులో ఇరుగ్గా ఉంచి, మేత కొంచెమే వేస్తాం. ఎదగవు. తర్వాత పెద్ద చెరువులో వదిలి కడుపునిండా పెడితే, ఆగిన ఎదుగుదలంతా అందుకుంటాయండి."

నా పద్ధతికి కొల్లేరంత సాక్ష్యం దొరికింది.

"చూశారా, నేను చెప్పేదీ అదేనండి," అన్నాను.

ఏలూరు వచ్చింది. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుంటూ అడిగారు.

"పాపకెన్నేళ్లండి?"

"తొమ్మిది."

"చేపయితే ఆగుతుందండి. పాప ఆగదు కదండీ," అని మెల్లగా దిగిపోయారు.

బస్టాండులోంచే మా ఆవిడకి ఫోన్ చేసి, డ్రాయింగ్ క్లాసు మాన్పించొద్దన్నాను.

"మాన్పించలేదులెండి," అంది. "వచ్చే నెల ఫీజు కూడా కట్టేశాను."

నా రిటైర్మెంటు ఇప్పుడు యాభైకి జరిగింది. మా ఇంటి గోడల మీద మాత్రం కొత్త బొమ్మకి చోటు లేదు.