నవ్వుతూ అన్న వద్దు

నా చిన్నప్పుడు మా దీవిలోని జంగ్లీఘాట్‌ పేటలో మామ అనిపించుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు, ఒకే ఓడలో వచ్చి ఉంటే చాలు. మా అమ్మానాన్నలు విశాఖపట్నంలో ఎక్కిన ఓడలోనే ఒకాయన వచ్చాడు. దారిలో వాంతులతో అమ్మ లేవలేకపోతే మంచినీళ్ళు తెచ్చి తాగించాడట. అప్పటినుంచీ ఆయన అమ్మకి అన్న, నాకు ఓడ మామ.

మామ అన్నాక మేనకోడలితో వేళాకోళం మామూలే. వచ్చినప్పుడల్లా నన్ను ఒళ్ళోకి లాక్కుని కితకితలు పెట్టేవాడు. నేను వద్దు, వద్దు అంటూ పకపకా నవ్వేదాన్ని. అమ్మ చూసి మురిసిపోయేది. ఆయన చెప్పుల చప్పుడు వింటేనే నేను మంచం కింద దూరేదాన్ని. నవ్వు వస్తోంది కాబట్టి ఇష్టమే కాబోలు అనుకునేదాన్ని. ఇష్టమైతే ఎందుకు దాక్కుంటున్నానో అర్థమయ్యేది కాదు. అమ్మే నన్ను బయటికి లాగి, పెద్దవాళ్ళంటే మర్యాద లేదా అని కోప్పడేది.

మా పక్కింటి దీదీ ఆసుపత్రిలో నర్సు. తెలుగావిడే అయినా వీధంతా దీదీ అనే పిలిచేది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక తల్లులందరినీ పిల్లలతో సహా తన వరండాలో కూర్చోబెట్టింది. పిల్లల ఒంటి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడని చోట్లుంటాయని, అలా వేసేది తెలిసినవాళ్ళే కావచ్చని చెప్పగానే అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మనవాళ్ళలో అలాంటివాళ్ళు ఉండరంటూ ఒకావిడ లేచిపోబోయింది. దీదీ వాదించలేదు. ఎవరి పిల్లకి వాళ్ళు కితకితలు పెట్టమంది. పిల్ల వద్దనగానే ఆపాలంది.

వరండా అంతా ఒకటే గోల. నేను వద్దన్నాను, అమ్మ ఆగలేదు. ఏ తల్లీ ఆగలేదు.

"నవ్వుతంది కదా దీదీ, ఎలాగ ఆపుతాం?" అంది అమ్మ.

"నవ్వింది ఒళ్ళు. వద్దన్నది పిల్ల. ఏది వినాలో జర సోచో, కాస్త ఆలోచించు," అంది దీదీ.

అమ్మ మొహంలో నవ్వు పోయింది. నేనేం తప్పు చేశానో తెలియక బెదిరిపోయాను. ఇంటికొచ్చి అన్నం కలిపి పెడుతూ, మామ వస్తే ఎందుకు దాక్కుంటావని మెల్లగా అడిగింది. తెలీదన్నాను. నిజంగానే తెలీదు. కారణం చెప్పక్కర్లేదని, వద్దంటే చాలని, తనతో ఏం చెప్పినా కొట్టనని అంది.

ఆయన మళ్ళీ వచ్చి చేతులు చాచాడు. నాకు నవ్వే వచ్చింది. నవ్వుతూనే వద్దన్నాను. అమ్మ చేపలు కడుగుతున్న చేతులతోనే వచ్చి మా మధ్య నిలబడింది.

"పిల్ల వద్దంటంది. ఒగ్గీ అన్నా."

ఓడలో నీళ్ళు తాగించిన చేతులమ్మా ఇవి, అన్నాడాయన. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ పక్కకి జరగలేదు. ఆయన ఇక మా గడప తొక్కలేదు. చేసిన మేలు మరిచిందని వీధిలో అమ్మని ఆడిపోసుకున్నారు. అమ్మ ఏడిస్తే నా వల్లే అనుకుని నేనూ ఏడ్చాను.

ఆయన మనసులో ఏముందో నాకు ఈనాటికీ తెలియదు. అభిమానంతో వచ్చిన మనిషిని నొప్పించామేమో అని ఒక్కోసారి బాధేస్తుంది. అది తేలేదాకా అమ్మ ఆగలేదు, అంతే.

ఇప్పుడు నా మనవరాలికి కితకితలు పెడతాను. పడీ పడీ నవ్వుతూ వద్దంటుంది. చెయ్యి తీసేస్తాను. కాసేపు నా మొహం చూసి, ఇంకోసారి నానమ్మా అని తనే దగ్గరికి వస్తుంది.