‘చెప్పలేను’ అనే గడి

ఇంటింటికీ తిరిగే ప్రశ్నలాయన తెచ్చిన నలభై రెండు ఫారాల్లో ఒక్కదాంట్లో కూడా ‘చెప్పలేను’ అనే గడిలో టిక్కు లేదు. సర్వే ఆఫీసులో కొత్తగా చేరిన పర్యవేక్షకురాలు కట్టను రెండుసార్లు తిరగేసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“వందమందిని అడిగితే పదిహేనుమందైనా తెలీదంటారు సార్. మీ వాళ్ళకి మాత్రం అన్నీ తెలుసా? దేవుడు, ప్రభుత్వం, సమాజం, అన్నీ?”

“నా వాళ్ళేంటి మేడమ్, లెక్క ప్రకారం ప్రతి తొమ్మిదో తలుపూ కొట్టాను.”

“ఇంట్లో కూర్చుని నింపేశారేమోనని నా అనుమానం.”

“మా ఇంట్లో కూర్చోడానికి చోటు దొరికితే కదా మేడమ్!”

ఆమె నవ్వలేదు. రేపు తనూ వెంట వస్తానంది. దొంగ ఫారాలని తేలితే సంచీ, గుర్తింపు కార్డూ అప్పగించి ఇంటికి వెళ్ళిపోవాలంది.

పందొమ్మిదేళ్ళుగా ఆ సంచీ భుజాన వేసుకుని ఆయన జనం అభిప్రాయాలు పోగుచేస్తున్నాడు. ఆయన అభిప్రాయం మాత్రం ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు. ఏం వండాలో భార్య, టీవీలో ఏం చూడాలో కూతురు, కిటికీ ఎప్పుడు మూయాలో అత్తగారు తేల్చేస్తారు. ఆ సాయంత్రం విషయం చెప్పగానే భార్య గొంతు తగ్గించి, “నిజం చెప్పండి, నింపేశారా?” అని అడిగింది.

“అంత తెలివుంటే ఈ వయసులో వీధులెందుకు తిరుగుతాడే!” అని అత్తగారు పక్కగదిలోంచే అల్లుడి నిజాయితీకి హామీ ఇచ్చేసింది.

మర్నాడు తొమ్మిదో తలుపు ఒక కుట్టుపనావిడది. గదిలో సగం మిషను, మిగతా సగం గుడ్డపీలికలు. వచ్చినవాళ్ళిద్దరికీ పీట, స్టూలు చూపించి ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

“దేవుడున్నాడని నమ్ముతారామ్మా?”

“ఏమో అన్నయ్యా.”

పర్యవేక్షకురాలి చూపు ‘చెప్పలేను’ గడి మీద పడింది. ఆయన కలం అటు పోలేదు. దానికి మూత పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తొందరపెట్టలేదు, మాట అందించలేదు. మిషను ఒక చొక్కా చెయ్యి మొత్తం కుట్టేసింది.

“ఉన్నాడనే రాసుకోండి,” అంది ఆవిడ దారం తెంపుతూ. “లేడంటే ఆ సంగతి మా అత్తగారికి ఎవరు చెప్తారు?” చొక్కా తిరగేసి, “అదికాదులే అన్నయ్యా. మొన్న పిల్లకి జ్వరమొస్తే దండం పెట్టుకున్నా. లేడనుకుంటే పెట్టనుగా,” అంది.

“ప్రభుత్వం మీద నమ్మకం ఉందా?”

“నాకేం తెలుసు?”

మళ్ళీ కలానికి మూత. ఈసారి రెండో చెయ్యి పూర్తయింది.

“వీధి దీపం వెలిగిన రోజు నమ్ముతా. వెలగని రోజు నమ్మను. ఏ గడిలో పెట్టుకుంటారో మీ ఇష్టం.”

‘కొంతవరకు’ దగ్గర టిక్కు పడింది.

“పక్కింట్లోకి వేరే మతం వాళ్ళు అద్దెకొస్తే?”

దీనికి మాత్రం ఆవిడ ఆలోచించలేదు. “టేపు పెట్టి కొలిచేటప్పుడు నేనెవరి మతమూ చూళ్ళేదు. పాటలు గట్టిగా పెట్టేవాళ్ళు మాత్రం ఏ మతమైనా వద్దు.”

పది ప్రశ్నల ఫారానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. మెట్లు దిగుతూ పర్యవేక్షకురాలు, “మీరు దొంగ కాదు సార్, ఒప్పుకుంటున్నా,” అంది. ఆయన ఊపిరి పీల్చుకునేలోపే, “ఇది అంతకంటే పెద్ద తప్పు. అయిదు సెకన్లు ఆగి, జవాబు రాకపోతే ఆ గడిలో టిక్కు పెట్టాలి. మీరు అభిప్రాయం లేనివాళ్ళ దగ్గర కూడా అభిప్రాయం పుట్టిస్తున్నారు,” అంది.

“లోపల ఉన్నదే మేడమ్. బయటికి రావడానికి టైం పడుతుంది. అడిగి, వినకుండా లేచిపోతే ఏం మర్యాద?”

“మన సర్వేలో మిగతా పదకొండుమంది ఉద్యోగులూ అయిదు సెకన్లే ఆగారు సార్. మీవి కూడా కలిపితే మీ నాలుగు వీధులవాళ్ళూ మేధావులని రిపోర్టు వస్తుంది.”

ఆయన తలూపి సంచీ సర్దుకున్నాడు. ఉద్యోగం నిలిచింది. కుట్టుపనావిడతో కలిపి నలభై మూడు ఇళ్ళూ మళ్ళీ తిరగాలి, అయిదు సెకన్ల లెక్కన, వారంలోగా.

మర్నాడు మొదటి ఇల్లు గడియారాలు బాగుచేసే ముసలాయనది.

“మళ్ళీ వచ్చావేంటయ్యా?”

“మళ్ళీ అడగమన్నారు బాబాయ్. ఎన్నికల వల్ల మీలాంటివాళ్ళ బతుకు మారుతుందా?”

“మొన్న మారుతుందన్నాను కదూ? అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నా. ఊఁ...”

అయిదు సెకన్లు అయిపోయాయి. ప్రశ్నలాయన ‘చెప్పలేను’ గడిలో టిక్కు పెట్టాడు. ఉద్యోగంలో చేరాక ఆ గడిలో ఆయన పెట్టిన మొదటి టిక్కు అది. మిగతా ప్రశ్నలు కూడా అదే లెక్కన పూర్తిచేసి, సంచీ తీసుకుని లేచాడు.

“కూర్చో కూర్చో,” అన్నాడు ముసలాయన భూతద్దం కంటి మీంచి తీస్తూ. “అడిగినవాడివి వినవా? మా వార్డు మెంబరు సంగతే తీసుకో...”

ఫారం సంచీలోకి వెళ్ళిపోయింది. కలానికి మూత పెట్టి ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

సాయంత్రానికి అయిన ఇళ్ళు మూడు. ఇంకా నలభై ఉన్నాయి.