మ్యూటెంట్ల ఎత్తు ఎంత?

మా షెడ్డులో బొమ్మ ఎత్తును అడుగులతో మొదలుపెట్టం, ముఖంతో మొదలుపెడతాం. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటి నుంచి గడ్డం కింది దాకా ఒక ముఖం. పాత శిల్పులు దాన్ని తాళం అనేవారు. దేవుడికి తొమ్మిది ముఖాల ఎత్తు, ఒక్కోసారి పది. మామూలు మనిషికి ఎనిమిది, వామనుడికి ఏడు, వినాయకుడికి ఐదు. రాతితో చేసినా మాలాగా పాత ఇనుముతో చేసినా ఇదే లెక్క. తెనాలిలో ఈ షెడ్డులో బొమ్మలకు కొలతలు కట్టడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. మిగతాదంతా ఈ షెడ్డు పెట్టిన మాస్టారి పాత నోటుపుస్తకం చూసి, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నదే. ఎంత ఎత్తు బొమ్మకు మోకాలు ఎక్కడ పడాలో, చేతివేళ్లు తొడ మీద ఎక్కడి దాకా రావాలో ఇప్పుడు కాగితం లేకుండా చెప్పగలను.

బాపట్లలో సూర్యలంక వెళ్లే దారిలో ఒకాయన పిల్లల పార్కు నడుపుతున్నాడు. మూడేళ్ల క్రితం ఆయనకు ఐదుగురు సూపర్ హీరోలను చేసి ఇచ్చాం. ఐదుగురూ ఒకే సినిమా లోకానికి చెందినవాళ్లు. ఒకరి సినిమాలోకి ఒకరు వచ్చిపోతుంటారు, అవసరం పడితే అందరూ కలిసి యుద్ధం చేస్తారు. మాస్టారు వాళ్లకు దేవతల కొలతే పెట్టించారు. ముఖం ఒక అడుగు, మొత్తం తొమ్మిది అడుగులు. అంత శుభ్రంగా లెక్క కుదిరిన పని నా చేతిలో మరొకటి లేదు.

ఆ పార్కాయన మళ్లీ వచ్చాడు. కామిక్సులో మ్యూటెంట్లని ఇంకొక జాతి ఉంది. పుట్టుకతోనే ఒంట్లో ఏదో మార్పు, దానివల్ల ఒక శక్తి. ఇన్నాళ్లూ వాళ్ల సినిమాలు వేరే కంపెనీ చేతిలో ఉండేవట, ఇప్పుడు వాళ్లూ ఈ లోకంలోకే వస్తున్నారట. సినిమాలో కలిసేలోపే తన పార్కులో కలవాలని ఆయన కోరిక. ముగ్గురిని చేయమన్నాడు. అదే వరసలో, అదే సైజులో ఉండాలని రెండుసార్లు చెప్పి వెళ్లాడు.

మాస్టారికి చూపు తగ్గిపోతోంది. వెల్డింగు వెలుగు ముందు నలభై ఏళ్లు కూర్చున్న కళ్లు అవి. ఆయన కూతురు పదేళ్లుగా ఆయన పక్కనే పనిచేస్తోంది కానీ, ఒక బొమ్మను మొదటి నుంచి చివరిదాకా ఒక్కతే చేసింది లేదు. మాస్టారు ఆ ముగ్గురినీ ఆమెకు అప్పజెప్పారు. టీ తాగుతూ మా ఇద్దరికీ కలిపి చెప్పారు. కొత్తవాళ్లు పాత ఐదుగురి పక్కన నిలబడి అందరూ ఒక్క చోటివాళ్లే అనిపిస్తే షెడ్డు ఆమెది. అనిపించకపోతే ఈ పనితో మూసేస్తారు. కోపంగా అనలేదు, ఆయన ఏదైనా అలాగే చెబుతారు. ఆమె గ్లాసు కింద పెట్టి లేచి గ్రైండరు దగ్గరికి వెళ్లింది.

ముందు ఆధారం కావాలి కదా. రేపల్లెలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పే మేడమ్ గారి దగ్గర ట్రంకు పెట్టెనిండా కామిక్సు ఉన్నాయని తెలిసి, పొద్దున రేపల్లె బండెక్కాను. ఆవిడ పుస్తకాలన్నీ మంచం మీద పరిచారు. నేను దారం తీసి ప్రతి బొమ్మలో ముఖం ఎంతో, ఆ ముఖానికి ఒళ్లు ఎన్ని రెట్లో కొలవడం మొదలుపెట్టాను. కాసేపు చూసి ఆవిడ నవ్వారు.

"అన్నయ్య గారూ, చదవరా, ఊరికే కొలుస్తారా?"

ముందు కొలిచి తర్వాత చదువుతానని చెప్పాను. అయినా ఆవిడే చాలాసేపు కథ చెప్పారు. మ్యూటెంట్లను ఈ లోకంలోకి తేవడానికి మూడు దారులున్నాయట. వేరే లోకం నుంచి వచ్చిపడ్డారనవచ్చు. మొదటి నుంచీ ఇక్కడే దాక్కుని ఉన్నారనవచ్చు. లేదా ఇప్పుడిప్పుడే పుడుతున్నారనవచ్చు. నాకు రెండోది లెక్కకు నిలవదనిపించింది. అన్ని యుద్ధాలు జరిగి, అన్ని ఊళ్లు కూలిపోతుంటే ఒక్కడూ బయటికి రాలేదంటే ఎవరు నమ్ముతారు? ఆ మాటే అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"మీ ఐదుగురూ మధ్యలో ఏదో జరిగి హీరోలయ్యారండి. జనం దండలేశారు. వీళ్లు పుట్టడమే అలా పుట్టారు, వీళ్ల మీద రాళ్లేశారు. రాళ్లేసేవాళ్ల ముందుకి ఎవరొస్తారు చెప్పండి?"

ఆ మాట అప్పుడు నోటుపుస్తకంలో రాసుకోలేదు. కొలతలు మాత్రం నాలుగు పేజీలు రాసుకున్నాను.

మేం ఎంచుకున్న ముగ్గురిలో ఒకడు గాలిని మళ్లించే పొడుగాటి మనిషి. ఒకామెకు అరచేతుల్లో ఇనుము కరిగేంత వేడి. మూడోవాడు పొట్టివాడు, చేతులు మోకాళ్లు దాటి ఉంటాయి, గోడ అవతలి మాటలు వినగలడు. చిక్కేమిటంటే, బొమ్మలు గీసినవాళ్లు చాలామంది. పొట్టివాణ్నే ఒకరు ఆరు ముఖాలు గీస్తే, తర్వాత వచ్చినవాళ్లు ఎనిమిదికి లాగారు. పొడుగాటివాడు ఒక పుస్తకంలో తొమ్మిది, ఇంకొక దాంట్లో ఏడు. ఇలాంటప్పుడు లెక్క తెలిసినవాడు ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. అన్నీ కూడి సగటు తీశాను. ముగ్గురూ ఇంచుమించు ఏడున్నర ముఖాల దగ్గర తేలారు. పార్కాయన తొమ్మిది అడుగులన్నాడు కాబట్టి దాన్ని ఏడున్నరతో భాగించాను. ముఖం పధ్నాలుగు అంగుళాల చిల్లర వచ్చింది. రెండుసార్లు సరిచూసుకుని, ధీమాగా కాగితం మాస్టారి కూతురికి ఇచ్చాను.

ఆమె ఒక ముఖాన్ని చువ్వలతో కట్టి, పాత ఐదుగురికి వాడిన ముఖం చట్రాన్ని అటక మీంచి దింపి పక్కన పెట్టింది. పాతది అడుగు, కొత్తది అంతకంటే రెండంగుళాల పైన.

"కొత్తవాడు దగ్గర నిలబడ్డట్టు, పాతవాడు దూరంగా ఉన్నట్టు ఉంది బాబాయ్. ఇద్దరూ ఒక చోట లేరు. అసలు ఈ ఏడున్నర ఎవరిది?"

అందరి కొలతలూ కలిపిన సగటని చెప్పాను.

"సగటు మనిషిని నువ్వెప్పుడైనా చూశావా? ముగ్గుర్నీ కలిపి ఎవరూ కానివాణ్ని చేశావు."

నాకు రోషం వచ్చింది. కూడికలో తప్పు చూపించమన్నాను. కూడికలో తప్పు లేదంది, అదే గొడవంది. ఇంటికి వెళ్లి అన్నం తింటూ ఆలోచిస్తే ఆమె మాటే నిలిచింది. దేవుడి కొలతా వామనుడి కొలతా కలిపి సగం చేసే శిల్పి ఎక్కడా ఉండడు. ఇన్నేళ్లు తాళాలు లెక్కపెట్టినవాణ్ని, చెయ్యకూడని పని అదొక్కటే చేశాను.

మర్నాటికి ఆమె పద్ధతి తేల్చుకుంది. ఒక్కొక్కరికీ ఒక్క చిత్రకారుణ్నే ఆధారంగా తీసుకుంది. పొడుగాటివాడికి ఎనిమిదిన్నర, వేడి చేతులామెకు ఎనిమిది, పొట్టివాడికి ఆరు. ముఖం మాత్రం అందరికీ ఒక అడుగే. ముఖం ఈ లోకం ఇచ్చే కొలత, అలాంటి ముఖాలు ఎన్నింటి ఎత్తు ఉంటారన్నది వాళ్ల పుట్టుక అంది. పార్కాయన తొమ్మిది అడుగులు అడిగాడని గుర్తుచేశాను. ఆ సంగతి బాపట్లలో చూసుకుందామంది. సైకిల్ చైన్లు, బేరింగులు, ట్రాక్టరు పళ్లచక్రాలు కలిపి రెండున్నర నెలలు పట్టింది. మాస్టారు రోజూ వచ్చి కుర్చీలో కూర్చునేవారు. చేత్తో తడిమి చూసేవారు.

లారీలో పొన్నూరు మీదుగా తీసుకెళ్లాం. పార్కాయన పొడుగాటివాణ్ని, వేడి చేతులామెను చూసి, కాస్త తక్కువైనా సరే అన్నాడు. పొట్టివాణ్ని దించగానే టేపు తెప్పించాడు.

"ఆరడుగులా? నేను చెప్పిందేంటి, మీరు తెచ్చిందేంటి?"

తర్వాత తనే దారి కూడా చూపించాడు. మూడడుగుల దిమ్మ కట్టించి దానిమీద నిలబెడితే తొమ్మిదైపోతుంది. తాపీమేస్త్రి అక్కడే ఉన్నాడు, సిమెంటు కూడా కలిపి ఉంది. ఆరూ మూడూ తొమ్మిదే. నిజం చెప్పాలంటే నా మనసు ఊ అనేసింది. ఆమె ఒప్పుకోలేదు.

"దిమ్మ వద్దండి. మిగతా ఏడుగురూ నేల మీద ఉంటే ఈయన్ని ఒక్కణ్నీ ఎక్కిస్తే వీళ్లలో కలిసినట్టు ఉండదు, సన్మానం చేసినట్టుంటుంది. ఈయన ఎత్తు ఆరే. అంతే పుట్టాడు."

ఆయన ఆమెతో మాట్లాడటం మానేసి మాస్టారికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. మీ అమ్మాయి మాట వినడం లేదు, మీరే ఏదో ఒకటి చెప్పండని అడిగాడు. మాస్టారు ఆయనకు జవాబు చెప్పకుండా నన్ను పిలిచారు.

"ఏమయ్యా, ముఖాలు కలిశాయా?"

కొంచెం ఆగమన్నాను. నిచ్చెన వేసుకుని పాత ఐదుగురినీ, కొత్త ముగ్గురినీ ఒక్కొక్కరినే కొలిచాను. పాతవాళ్లలో ఒకడికి గడ్డం దగ్గర తుప్పు రేగి పావంగుళం పెరిగింది. మిగతా ఏడుగురూ సరిగ్గా అడుగు. నిచ్చెన దిగి చూస్తే, కొలవాల్సిన పని కూడా లేదనిపించింది. పొట్టివాడు ఆ తొమ్మిదడుగుల వాళ్ల పక్కన చిన్నబోలేదు, ఎవరి మాటో వింటున్నట్టు స్థిమితంగా నిలబడ్డాడు.

"ఎత్తులు కలవలేదండి. ముఖాలు కలిశాయి. ఎనిమిది మందీ ఒక్క చోటే ఉన్నారండి."

తర్వాత మాస్టారు పార్కాయనతో అన్నారు.

"ఆ బొమ్మ సంగతి మా అమ్మాయినే అడగండి. ఇకనుంచి ఏ బొమ్మ సంగతైనా దాన్నే అడగండి."

పార్కాయన ఫోన్ జేబులో పెట్టుకుని పొట్టివాడి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆయనకు ఇంకా మనసొప్పలేదని తెలుస్తూనే ఉంది. అయినా ఆమె వైపు తిరిగి అడిగాడు.

"ఎక్కడ నిలబెట్టమంటావమ్మా?"

ఆమె పాతవాళ్లలో రెండోవాడికీ మూడోవాడికీ మధ్య ఖాళీలోకి నడిచి, మడమతో నేల మీద ఒక గీత గీసింది. మేస్త్రికి పునాది గుంట లోతు నేను చెప్పబోయాను. అప్పటికే ఆమె చెబుతోంది.