ఎనిమిది వందల బస్కీలు

ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. దేవుడికి కూడా సగమే చెప్పాను. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, ఆ ధైర్యంతోనే. నా మూలంగా ఒక పెద్దమనిషి నలుగురిలో మీసం తీయించుకున్నాడు. అది చిన్న తప్పు. దాని వెనక ఇంకొకటి ఉంది. ఇన్నేళ్లూ నేను మోసింది దాన్నే. అక్కడికి నెమ్మదిగా వస్తాను. దారిలో నన్ను నేను వెనకేసుకొస్తే నమ్మకండి.

యాభైల చివరి సంవత్సరాలు. రాప్తాడు దగ్గర ఒక పల్లెలో బడి అయ్యవారిగా చేరాను. కొత్తగా పెళ్లయింది. నా భార్య ఓబులమ్మ సేద్యగాళ్ల ఇంటి పిల్ల. వరసగా రెండేళ్లు వానలు లేక ఊరి బావిలో నీళ్లు అడుక్కి పోయాయి. చేంతాడుకు ఇంకో తాడు ముడివేస్తే గాని కడవ నీళ్లను తాకేది కాదు. ఒకరోజు, మొగుడినన్న దర్పంతో, ఆమె చేతిలోంచి తాడు తీసుకున్నాను. సగం దూరం లాగాను. ఆ తరవాత కడవ నన్ను లాగడం మొదలుపెట్టింది. అరచేతులు కాలాయి. తాడు జారింది. ఓబులమ్మ పక్కనుంచి ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో నా చొక్కా పట్టుకుని రెంటినీ గట్టుకు చేర్చింది. బావి దగ్గరున్న ఆడవాళ్లు ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఒక ముసలామె మాత్రం, "పాపం, సదువుకున్నోడు గదా" అంది.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. వేసవి సెలవులు ఇవ్వగానే గుమ్మఘట్టలో ఉన్న మా అక్క ఇంటికి పోయాను. అక్కడ తిప్పన్న అనే వస్తాదు గరిడీ నడుపుతున్నాడని, కుర్రాళ్లకు కసరత్తు నేర్పుతాడని విన్నాను. గరిడీ అంటే పెద్ద కట్టడమేమీ కాదు. నాలుగు మట్టిగోడలు, మెత్తగా తవ్విన ఎర్రమట్టి, మూలన రెండు కర్రగదలు. తిప్పన్నకు అరవై దగ్గర పడుతున్నాయి. మనిషి వాకిలి తలుపంత ఉండేవాడు. మీసం చెవుల దాకా పోయి, అక్కడ ఆగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుండేది. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో తిట్టేవాడు. నా జబ్బ పట్టుకుని నొక్కాడు, రెండో జబ్బ కూడా నొక్కి చూశాడు.

"ఏమప్పా, యాడుండాది కండ?" అని చివరికి అడిగాడు.

"లోపలెక్కడో ఉంటుంది" అన్నాను.

"సరే. పిలుద్దాం. వచ్చేదానికి ఎన్నాళ్లు పడుతుందో సూద్దాం."

నెలరోజులు పిలిచాడు. దండీలు తీయించాడు, బస్కీలు తీయించాడు. బస్కీ అంటే గుంజిళ్లలాంటిదే, చెవులు పట్టుకోకుండా. పిల్లలచేత రోజూ గుంజిళ్లు తీయించేవాణ్ణి, అవి తీస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. టెంకాయ తప్ప ఇంకేమీ పుచ్చుకోలేదు నా దగ్గర. సెలవులు అయిపోయి నేను బయల్దేరుతుంటే, చదువుకున్నవాడు తన దగ్గరికి రావడం ఇదే మొదటిసారని, నన్ను వదిలిపెట్టనని అన్నాడు. వారం వారం నేను పోస్టుకార్డు రాయాలి, ఏ రోజు ఎన్ని తీశానో. ఆయన జవాబు పంపుతాడు, వచ్చే వారం ఎన్ని తీయాలో. ఆయనకు చదువు రాదు. వన్నూరప్ప అని ఇరవై ఏళ్ల శిష్యుడు ఉండేవాడు, కూలిపని చేసుకునేవాడు. అయిదో తరగతి దాకా చదివాడు. నా కార్డు చదివి వినిపించేదీ, వస్తాదు చెప్పింది చెప్పినట్టు రాసేదీ అతనే.

మొదటి వారం నిజమే రాశాను. రోజుకు పదకొండు బస్కీలు. జవాబు వచ్చింది: "అయ్యవారికి తిప్పన్న చెప్పి రాయించేది. వాకిట్లోకి ఎవురొచ్చినారో సూసేదానికి మా ముసలమ్మ లేస్తాది, కూసుంటాది. పదకొండు ఆమెకే అయితాయి."

సిగ్గేసింది. సిగ్గుపడితే మనిషి ఏం చేయాలి? పన్నెండోది తీయాలి. నేను కార్డు తీసుకుని యాభై అని రాశాను. "శభాష్" అని జవాబు వచ్చింది. ఆ ఒక్క మాట. మా నాయన కూడా నన్ను ఎప్పుడూ శభాష్ అనలేదు. ఆ కార్డును పది రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

ఇక ఆగలేదు. పిల్లలు లెక్కలు చూసి రాస్తే పట్టుకోవడం నా వృత్తి. ఏ అబద్ధం ఎక్కడ దొరికిపోతుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? సున్నాతో ముగిసే లెక్కలు రాసేవాణ్ణి కాదు. నూట పదమూడు, నూట ఎనభై ఏడు, అలా. ఒక వారం జ్వరం వచ్చిందని తగ్గించి రాశాను, నమ్మకం కలగాలని. ఆ జ్వరం సంగతి చదివించుకుని తిప్పన్న ఏం చేశాడో తెలుసా? ఊక నింపిన బుట్టలో ముప్పై గుడ్లు, ఒక సంచి శెనక్కాయలు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. కరువు సంవత్సరం. గుడ్లన్నీ ఓబులమ్మ నాకే పెట్టింది. తానొక్కటి తినలేదు. పొద్దున్నే బడికి పోయి పిల్లలు రాకముందు కసరత్తు చేస్తున్నానని ఆమెతో చెప్పేవాణ్ణి. పోయేవాణ్ణి, నిజమే. బల్లల మీద పడుకునేవాణ్ణి.

మాఘమాసం వచ్చేసరికి రోజుకు ఎనిమిది వందల నాలుగు బస్కీలు తీస్తున్నాను. కార్డులో.

అప్పుడు వచ్చింది ఆ జవాబు. గుమ్మఘట్టలో చావిడి ముందు ఒక నల్లరాతి గుండు ఉండేది, నున్నగా, కుండ కంటే పెద్దది. ఉగాది మరుసటి రోజు దాన్ని ఎత్తి భుజం మీదుగా వెనక్కి వేసినవాణ్ణి ఊరేగిస్తారు. "పక్కూరి వస్తాదు, సదువుకున్నోళ్లతో గుండు ఎత్తించేది అయ్యే పనా అని నగినాడు. మా అయ్యవారు ఎత్తుతాడు, ఎత్తకపోతే మీసం తీయించుకుంటా అని చెప్పినా. నువ్వు రావల్ల" అని ఉంది అందులో.

అప్పుడైనా నిజం రాయొచ్చు కదా? రాయొచ్చు. కార్డు ఖరీదు ఎంతని? కాని కార్డు చదివి వినిపించేది వన్నూరప్ప. గరిడీలో అందరూ కూచుని వింటారు. వస్తాదు ముఖం ఎలా మారుతుందో ఆలోచించాను. అబద్ధం, ఇదీ అబద్ధమే. ఆయన ముఖం గురించి కాదు, నా గురించే ఆలోచించాను. ఉగాదికి ఇంకా నలభై రోజులున్నాయి, ఇప్పుడు నిజంగా మొదలుపెడితే అయిపోతుందనుకున్నాను. ఇంట్లో విసుర్రాయి ఎత్తడం మొదలుపెట్టాను. మూడో రోజు నేను దాంతో పెనుగులాడుతుండగా ఓబులమ్మ చీపురుతో వచ్చి, "కొంచెం జరుగు" అని, ఆ రాయిని కాలితో పక్కకు జరిపి ఊడ్చుకుంది. అంతటితో ఆ ప్రయత్నం మానేశాను.

ఉగాదికి గుమ్మఘట్టలో బస్సు దిగాను. వీధంతా జనం. నేను దిగాక కూడా వాళ్లు బస్సు తలుపు వైపే చూస్తున్నారు, ఇంకా ఎవరో పెద్దమనిషి దిగాలన్నట్టు. తిప్పన్న వచ్చి నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఇక్కడితో అయిపోయింది, బయటపడిపోతానని అనుకున్నాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సూసినారా, ఎట్ల చిక్కినాడో" అన్నాడు జనంతో. "దినానికి ఎనిమిది నూర్లు తీస్తే మాంసం యాడ నిలుస్తాది? నరమే మిగిలుండాది. నరమే ముఖ్యం."

జనం అవునన్నారు. నా ఎముకలు కూడా నా అబద్ధానికి సాక్ష్యం చెప్పాయి.

మరుసటి రోజు గుండు ముందు నిలబడ్డాను. మూడుసార్లు మొక్కాను, ఆలస్యం చేయడానికి. తరవాత వంగి కౌగిలించుకున్నాను. ఎండకు కాలి ఉంది. నా శక్తంతా పెట్టి లేపాను. అది లేవలేదు. కదలాలన్న ఆలోచన కూడా దానికి లేదు. అయిదారు ఊపిరుల సేపు దాన్ని అలా పట్టుకుని, చెంప దానికి ఆనించి, ఏం చేయాలా అని ఆలోచించాను. తరవాత "అమ్మా" అని అరిచి నడుము పట్టుకుని పక్కకు పడిపోయాను.

నా నడుముకు ఏమీ కాలేదు.

ఎవరో నరం పట్టిందన్నారు, ఎవరో ఎముక విరిగిందన్నారు. తిప్పన్న జనాన్ని తోసుకుని వచ్చి నన్ను రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. అరవై ఏళ్ల మనిషి. దారికి ఆ గుండు అడ్డం ఉంది. వన్నూరప్ప "జరగండప్పా" అంటూ వంగి, దాన్ని ఎత్తి, భుజం మీదుగా వెనక్కి వేసి దారి చేశాడు. ఎవరూ చూడలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. వస్తాదు చేతుల్లో వెల్లకిలా పడుకున్న నేను ఒక్కణ్ణే చూశాను.

తిప్పన్న నన్ను తన ఇంట్లో పడుకోబెట్టి, ఆ సాయంత్రమే మంగలిని పిలిపించుకుని చావిడి మెట్ల మీద మీసం తీయించుకున్నాడు. ఎవరు వద్దన్నా వినలేదట. ఇంట్లోకి వచ్చిన మనిషిని చూసి ఎవరో కొత్తవాడు అనుకున్నాను. పై పెదవి అరవై ఏళ్లలో ఎండ చూడనట్టు తెల్లగా ఉంది. నవ్వొచ్చింది. మీ దగ్గర దాచడమెందుకు, నాకు నిజంగా నవ్వొచ్చింది, దాన్ని మూలుగులో కలిపేశాను.

అయిదు రోజులు నా నడుముకు ఆముదం కాచి మర్దన చేశాడు. బాగున్న నడుమును ఆ చేతులతో పిండితే ఎలా ఉంటుందో చెప్పలేను. అప్పుడు మాత్రం నిజంగానే మూలిగాను. ఆ అయిదు రోజుల్లోనే వన్నూరప్ప నా పక్కన కూచుని చెప్పాడు. నా కార్డు వచ్చినప్పుడల్లా వస్తాదు గరిడీలో అందరినీ తిట్టేవాడట, సుద్దముక్క పట్టుకునేవాడు ఇన్ని తీస్తుంటే మీకేం రోగమని. మిగిలినవాళ్లు నవ్వి ఊరుకునేవాళ్లు. ఇతను మాత్రం నేను రాసినన్ని తీసేవాడు. నూట పదమూడంటే నూట పదమూడు. ఎనిమిది వందల నాలుగంటే ఎనిమిది వందల నాలుగు. "మీకు జరమొచ్చిన వారం నాకు సుకమాయె అన్నా" అన్నాడు.

ఇప్పుడు ఆ పెద్ద తప్పు దగ్గరికి వచ్చాను. అయిదో రోజు పొద్దున. తిప్పన్న నూనె రాస్తూ మాట్లాడాడు.

"అయ్యవారూ, ఒగ మాట అడుగుతా. నిజం చెప్పల్ల."

తెలిసిపోయిందనుకున్నాను. తెలిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. "అడుగు, తిప్పన్నా" అన్నాను.

"నేను లెక్క పెంచినప్పుడంతా నీకు నొప్పి రాలేదా?"

"వచ్చింది. కొంచెం."

"మల్ల యాల రాయలేదప్పా?"

"నువ్వు బాధపడతావని."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది? నేను ముందుగా అనుకున్నది కాదు. గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను, నోరు తెరిచింది నిజం చెప్పడానికే. తెరిచిన నోట్లోంచి అది వచ్చింది. దాంతో నేను మంచివాణ్ణి అయిపోయాను, ఆయన పాపి అయిపోయాడు. ఆయన చెయ్యి నా నడుము మీద అలాగే ఆగిపోయింది.

"ఇట్లాంటి మంచోన్ని ఇరగ్గొట్టుకుంటి గదప్పా" అన్నాడు. గట్టిగా కూడా కాదు.

నేను వెళ్లిన వారానికి గరిడీ మూసేశాడు. అక్క జాబు రాసింది. ఎర్రమట్టి మీద గడ్డివాము వేశాడట. వన్నూరప్ప కాళ్లు పట్టుకుని బతిమాలితే, "ఒగన్ని ఇరిసినా, సాలు. నాకు లెక్క తెలీదు" అన్నాడట. తరవాత వన్నూరప్ప బళ్లారి వైపు పనికి పోయాడు. అతను ఆ గుండు ఎత్తగలడని చెప్పాల్సినవాణ్ణి నేనే. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెబితే, ఎట్లా ఎత్తాడని అడుగుతారు. ఎనిమిది వందలు తీస్తే మనిషి విరగడు, ఎత్తుతాడు అని చెప్పాలి. చెబితే, మరి నీకేమైంది అంటారు.

అందుకే చెప్పలేదు.

ఓబులమ్మ ఆ తరవాత నన్ను బావి దగ్గరికి రానివ్వలేదు. నడుము మనిషినని మూట ఎత్తనివ్వలేదు, మంచం జరపనివ్వలేదు. ఆ నడుము మీద నేను చాలా సుఖపడ్డాను. అది కూడా లెక్కలో వేసుకోండి.

ఎనిమిదేళ్లు గడిచాక, ఇక ఉండబట్టలేక, చెప్పేయాలనే గుమ్మఘట్ట పోయాను. తిప్పన్న చేనులో కూలివాళ్లతో శెనక్కాయ పీకుతున్నాడు. మీసం మళ్లీ పెంచలేదు. నన్ను చూడగానే లేచి, "అమ్మా, నేను చెప్తాంటినే, నా చేతుల్లో నడుము ఇరిగింది ఈ అయ్యవారికే" అని వాళ్లకు చూపించాడు. వాళ్లంతా నన్ను జాలిగా చూశారు. నేను నేల మీద కూచోబోతే ఒప్పుకోలేదు. గట్టు దాటి పరుగెత్తి పోయి, గుడిసెలోంచి నులకమంచం తలమీద పెట్టుకుని తెచ్చాడు. నా కోసం.

నేను దాని మీద కూచున్నాను. కూచునేటప్పుడు, ఎవరూ అడగలేదు, ఎవరూ చూడటం లేదు కూడా, నా చెయ్యి దానంతటదే నడుము మీదికి పోయింది. "ఇంకా తగ్గల్యా?" అన్నాడు తిప్పన్న. తగ్గలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

ఇంకో రెండేళ్లకు పోయాడు. గరిడీ మళ్లీ తెరవలేదు.

క్షమించమని ఎవర్ని అడగాలి? అడిగే హక్కు ఉందనీ అనుకోను. ఆయనకు రాయాల్సిన కార్డు ఒకటి మిగిలిపోయింది, దాన్ని మీకు రాస్తున్నాను. రోజుకు పదకొండు తీశాను, తిప్పన్నా, అదీ ఒక్క వారమే. నీ లెక్కలో తప్పు లేదు.

రాశాను. కొంచెం ఊపిరి ఆడుతోంది.